అరబ్ సీరియల్‌లో ఆమె "వద్దు" అంటే ఏమవుతుంది?

అడిగినవారు జర్నలిజం చదువుతున్నారట, ప్రాజెక్టు కోసం మూడు సంగతులు అడిగారు. అరబ్ దేశాల టీవీలో ఆడవాళ్లను ఎలా చూపిస్తారు, అసలు బురఖా లేకుండా చూపిస్తారా, మన సీరియళ్లకీ వాటికీ తేడా ఏమిటి. నేను ఉస్మానియాలో అరబిక్ ఎంఏ చేసి, 2005 నుంచి 2018 దాకా దుబాయ్‌లో సబ్‌టైటిళ్ల పని చేశాను. ఈజిప్టు, సిరియా, కువైట్, సౌదీ సీరియళ్లను ఒక్కో డైలాగ్ దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని రాసినదాన్ని. అందుకని కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటి జవాబు. చూపిస్తారు, చాలా ఎక్కువగా చూపిస్తారు, ఈజిప్టు, లెబనాన్ సీరియళ్లలోనైతే సగానికి పైగా ఆడవాళ్లు తల మీద గుడ్డ కూడా లేకుండానే కనిపిస్తారు. తెర మీద ఆడవాళ్లు కనిపిస్తారా లేదా అని చూస్తే మీకు ఏమీ దొరకదు. కథ వాళ్లను ఏం చేయనిస్తుందో చూడండి. పనిలో చేరిన రెండు మూడేళ్లకి నాకొక అలవాటు అయింది. ఏ సీరియల్ చేతికొచ్చినా, అందులో ఒక ఆడమనిషి భర్తతోనో మామతోనో అన్నతోనో "వద్దు", "నేను చెయ్యను" అన్న చోట నిమిషం, సెకను రాసుకునేదాన్ని. తర్వాతి ఐదారు ఎపిసోడ్లలో ఆమెకు ఏమైందో పక్కన రాసేదాన్ని. ఎవరూ చెప్పి చేయించింది కాదు. కానీ ఆ నోట్‌బుక్కులు ఇప్పుడు తిరగేస్తే, ఆ దేశాల్లో ఏం మారిందో ఏం మారలేదో బట్టల కంటే ఆ ఒక్క "వద్దు" బాగా చెప్పిందనిపిస్తుంది.

బట్టల సంగతి అడిగారు కాబట్టి అది ముందు తేల్చేస్తాను. అరబ్ టీవీ అంటే ఒకటి కాదు. ఈజిప్టులో టీవీ 1960లో మొదలైంది, కైరోలో నైలు ఒడ్డున ఉన్న మాస్పెరో భవనం నుంచి. సౌదీలో 1965లో వచ్చింది, అది కూడా ఊరికే రాలేదు, టీవీ వద్దని రియాద్‌లో స్టేషన్ మీదికి వెళ్లిన గుంపులో రాజకుటుంబం మనిషే ఒకడు పోలీసుల చేతిలో చనిపోయాడు. ఇలా మొదలైన రెండు చోట్ల ఆడవాళ్లు ఒకే రకంగా ఎలా కనిపిస్తారు? మీరు ఊహించని సంగతి ఇంకోటి ఉంది. ఈజిప్టు ప్రభుత్వ టీవీలో దశాబ్దాల పాటు హిజాబ్ వేసుకున్నవాళ్లను వార్తలు చదవనివ్వలేదు. వీధిలో ఎక్కువమంది ఆడవాళ్లు తల కప్పుకుని తిరిగే దేశంలో, తెర మీద మాత్రం తల కప్పుకున్న న్యూస్‌రీడర్ లేదు. 2012 సెప్టెంబరులో ఫాతిమా నబీల్ హిజాబ్‌తో కూర్చుని వార్తలు చదివితే అదే పెద్ద వార్త అయింది. అంటే బట్ట తీయమన్నా, వేసుకోమన్నా, ఆ నిర్ణయం ఆమెది కాకపోవడమే నాకు రెండు చోట్లా కనిపించింది.

గల్ఫ్ సీరియళ్లలో ఇంకో పద్ధతి. భార్యాభర్తలు పడకగదిలో మాట్లాడుకుంటుంటారు, ఆమె తల మీద షేలా అనే పల్చటి గుడ్డ ఉంటుంది, ముఖానికి పూర్తి మేకప్ ఉంటుంది. ఇంట్లో, అందులోనూ భర్త ముందు ఎవరూ తల కప్పుకోరు. కానీ నటుడు నిజంగా ఆమె భర్త కాదు కదా, చూసేవాళ్లు ఆ లెక్కలో చూస్తారు. హిజాబ్ వేసుకునే కొందరు నటీమణులు పాత్ర కోసం తలగుడ్డ మీద విగ్గు పెట్టుకుని నటించడం కూడా ఉంది. బట్టల గురించి ఇంతే. మీ ప్రాజెక్టులో దీనికి ఒక పేజీ చాలు.

ఇక కథల్లోకి వస్తాను. నేను చేరిన కొత్తలో అందరి నోటా ఒకటే పేరు, బాబ్ అల్ హారా, అంటే వాడ గుమ్మం. సిరియా సీరియల్, 2006 రంజాన్‌లో మొదలైంది, బస్సామ్ అల్ మల్లా తీశాడు. ఫ్రెంచివాళ్ల పాలనలో డమాస్కస్‌లో ఒక వాడ కథ. ఇఫ్తార్ అయ్యాక గల్ఫ్ నుంచి మొరాకో దాకా జనం ఇదే చూసేవాళ్లు. అందులో భార్య భర్తను "ఇబ్న్ అమ్మీ" అని పిలుస్తుంది, అంటే మా బాబాయి కొడుకా అని. వాళ్లలో బాబాయి కొడుకునే చేసుకునే ఆచారం ఉంది కాబట్టి ఆ పిలుపు. వెంటనే "తాజ్ రాసీ" అంటుంది, నా తల మీద కిరీటమా అని. ఇంగ్లీషులో దానికేం రాయాలో తెలియక మేము గంటలు కొట్టుకున్నాం, నాకు మాత్రం ఎప్పుడూ మన "బావా" అనే మాటే నోట్లోకి వచ్చేది. అంత తియ్యటి పిలుపు ఉన్న ఇంట్లో, రెండో సీజన్‌లో ఉమ్ ఇసామ్ అనే పెద్దావిడ కోపంలో భర్తకు ఒక ఎదురుమాట అంటుంది. ఒక్క మాట. ఆయన అక్కడికక్కడే తలాక్ చెప్పేస్తాడు. పెళ్లీడు పిల్లలున్న తల్లి. ఆ తర్వాత ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు ఆమె ఏడుపు, పెద్దమనుషుల రాయబారాలు. నా నోట్‌బుక్కులో మొదటి పేజీ అదే.

నాకు కోపం తెప్పించింది ఆ తలాక్ కంటే కూడా, అప్పట్లో డమాస్కస్ ఆడవాళ్లంతా ఇంతే అన్నట్టు ఆ సీరియల్ ఆ కాలాన్ని గీయడం. అదే ఊళ్లో మేరీ అజమీ 1910లోనే "అల్ అరూస్" అని ఆడవాళ్ల పత్రిక పెట్టింది. నాజిక్ అల్ ఆబిద్ 1920లో ఫ్రెంచి సైన్యంతో జరిగిన మైసలూన్ యుద్ధానికే వెళ్లింది, ఆవిడా ఒక పత్రిక నడిపింది. చదువుకున్నవాళ్లు, ఊరేగింపులు తీసినవాళ్లు ఉన్న కాలాన్ని తీసుకుని, అందులోంచి వాళ్లను తీసేసి, మిగిలిన వంటింటిని "మన మంచి పాత రోజులు" అని చూపిస్తే, చూసే పిల్లలు అదే చరిత్ర అనుకుంటారు. చరిత్ర సీరియల్ దేన్ని చూసినా ఎవరిని తీసేశారో వెతకమని నా విద్యార్థులకు ఇప్పటికీ చెబుతాను.

దానికంటే ముందు ఈజిప్టులో 2001 రంజాన్‌కి వచ్చిన హాజ్ మత్‌వల్లీ కుటుంబం అనే సీరియల్ ఉంది. నూర్ అల్ షరీఫ్ హీరో, బట్టల వ్యాపారి, నలుగురు భార్యలు, అందరూ ఆయన చుట్టూ సర్దుకుని హాయిగా ఉంటారు. ఆడవాళ్ల సంఘాలు గట్టిగా గొడవ చేశాయి, అయినా సీరియల్ బ్రహ్మాండంగా ఆడింది. ఈ సీరియల్‌లో నన్ను ఇబ్బంది పెట్టేది ఏమిటంటే, ఇందులో "వద్దు" అన్న మాటకి శిక్ష కూడా ఉండదు, అది నవ్వులో కలిసిపోతుంది. ఆమె అలుగుతుంది, ఆయన నగ తెస్తాడు, సీన్ అయిపోతుంది. తలాక్ సీన్ చూసి జనం కనీసం కళ్లనీళ్లు పెట్టుకుంటారు, వాదించుకుంటారు. ఇక్కడ వాదించుకోవడానికే ఏమీ మిగలదు. అదే రచయిత ముస్తఫా ముహర్రమ్ 2010లో జోహ్రా, ఐదుగురు భర్తలు అని తిప్పి రాస్తే, అదే ఏడాది సౌదీ కామెడీ తాష్ మా తాష్‌లో నలుగురు మొగుళ్లున్న ఆవిడ కథ ఒక ఎపిసోడ్ వస్తే, అప్పుడు మాత్రం మతం చెడిపోయిందని పెద్ద గొడవ.

ఇప్పుడు 2008కి రండి, ఇది నేను దగ్గర్నుంచి చూశాను. ఎంబీసీ ఛానల్ నూర్ అని ఒక టర్కీ సీరియల్‌ని సిరియా యాసలో డబ్బింగ్ చేసి వేసింది. టర్కీలో అది మామూలుగా ఆడి పోయిందే. ఇక్కడ ఆగస్టు 30న చివరి ఎపిసోడ్‌ని 8.5 కోట్ల మంది చూశారని ఛానలే లెక్క చెప్పింది. హీరో అందగాడు, నిజమే, కానీ మా ఆఫీసులో పనిచేసే సిరియా, జోర్డాన్ అమ్మాయిలు మాట్లాడుకున్నది వేరే. ఆ మొగుడు భార్యతో నెమ్మదిగా మాట్లాడతాడు, ఆమె బట్టల డిజైనింగ్ పనికి అడ్డు రాడు, తప్పు చేస్తే క్షమించమంటాడు. ఒకమ్మాయి టీ తాగుతూ అన్న మాట ఇంకా గుర్తు: "ఆమె కాదు అంటే అతను ఎందుకు అని అడుగుతాడు, అరవడు." నేను నోట్‌బుక్కులో రాసుకునేదే ఆ అమ్మాయి తనకు తానే పట్టేసింది. సౌదీ గ్రాండ్ ముఫ్తీ ఈ టర్కీ సీరియళ్లు చూడొద్దని ప్రకటించాడు. ఆ సెప్టెంబరులో ఇంకో పెద్ద మతాధికారి, అశ్లీలం చూపించే ఛానళ్ల యజమానులకు మరణశిక్ష వేయొచ్చని అనేదాకా వెళ్లింది. నూర్‌లో ఈజిప్టు సినిమాల్లో లేని దృశ్యం ఒక్కటీ లేదు. భార్య మాట వినే మొగుడు ఇళ్లలోకి రావడం కొందరికి ఎక్కువ టెన్షన్ పెట్టిందని నా నమ్మకం.

డబ్బు ఎవరిదో కూడా చూడండి. సౌదీ రాజకుమారుడు వలీద్ బిన్ తలాల్ సొంతదారుగా ఉన్న రొటానా ఛానళ్లలో రాత్రీ పగలూ పాటల వీడియోలు, అందులో అమ్మాయిలు ఎలా ఉంటారో మీరు ఊహించుకోవచ్చు. 2006లో ఆయనే అల్ రిసాలా అనే మత ఛానల్ పెట్టాడు. ఒకే రిమోట్, ఒకే యజమాని, ఒకచోట ఆడమనిషి అలంకారం, ఇంకోచోట ఆమెకు ఉపదేశం. సీరియళ్లకైతే ఏడాది మొత్తం ప్రకటనల డబ్బులో పెద్ద వాటా రంజాన్ నెలలోనే వస్తుంది, అది కూడా గల్ఫ్ ప్రేక్షకులను చూసే. అందుకే కైరోలో రాసే రచయిత కూడా రియాద్‌లో కూర్చుని చూసే కుటుంబాన్ని తలుచుకునే రాస్తాడు.

మారిందేమీ లేదా అంటే, చాలా మారింది, అక్కడికే వస్తున్నా. ఈజిప్టులో ఆడవాళ్లే రాసి, ఆడవాళ్లే తీసినవి రావడం మొదలయ్యాక తేడా కనిపించింది. మర్యమ్ నఊమ్ రాయగా కామ్లా అబూ జిక్రీ తీసిన సిజ్న్ అన్నిసా (ఆడవాళ్ల జైలు, 2014) చూడండి, నెల్లీ కరీమ్ నటించింది. జైలుకి ఎవరు ఎందుకు వచ్చారో ఒక్కొక్కరి కథ విప్పుతుంటే, చాలామంది వెనక ఒక మొగవాడు నమ్మించి ముంచిన సంగతి ఉంటుంది, కానీ సీరియల్ వాళ్లను దేవతలుగానూ చేయదు. ఇంకో మంచి జత ఉంది. 2010లో ఆయిజా అత్‌గవ్విజ్ (నాకు పెళ్లి కావాలి) అని వచ్చింది. ఉలా అనే ఫార్మసిస్టు, ముప్ఫైకి దగ్గరపడుతోంది, ఇంటిల్లిపాదీ సంబంధాల కోసం పరుగులు. అందులో "ఆనిస్" అనే మాట పదే పదే వస్తుంది, పెళ్లీడు దాటిపోయిన ఆడపిల్ల అని. మగవాడికి ఆ మాట వాడగా నేను వినలేదు. ఆ మాట అనువదించిన ప్రతిసారీ చేదుగా ఉండేది, మా అక్క విషయంలో మా ఇంట్లో ఇలాంటి మాటలే విన్నాను. 2022లో అదే ఉలా, అదే నటి హింద్ సబ్రీ, మళ్లీ వచ్చింది నెట్‌ఫ్లిక్స్‌లో. ఈసారి విడాకులైన తల్లి, సొంతంగా వ్యాపారం పెట్టుకుంటుంది. పన్నెండేళ్లలో ఒకే పాత్ర ఎంత దూరం నడిచిందో మీరు పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

అయితే ఒక్కటే చూడాలి అంటే తహ్త్ అల్ విసాయా (పెత్తనం కింద) చూడండి, 2023 రంజాన్. పదిహేను ఎపిసోడ్లే. మునా జకీ చేసిన హనాన్ పాత్ర, చేపలు పట్టే పడవ ఉన్న మనిషి భార్య. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. ఈజిప్టులో 1952 నాటి చట్టం ప్రకారం తండ్రి చనిపోతే, ఆయన ముందే వేరే ఎవరినీ పెట్టి ఉండకపోతే, పిల్లల ఆస్తి మీద పెత్తనం తాతకి, అంటే తండ్రి తండ్రికి వెళుతుంది. పిల్లల్ని పెంచేది తల్లి, వాళ్ల డబ్బు ముట్టుకోవాలంటే మామ దగ్గరికో అధికారుల దగ్గరికో పోవాలి. హనాన్ ఏం చేస్తుందంటే, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ పడవనే అలెగ్జాండ్రియా నుంచి తీసుకుని దమియెత్తా పారిపోతుంది, అక్కడ మగ జాలర్ల మధ్య నిలబడి చేపల పని నేర్చుకుంటుంది. పడవ దొంగిలించిందని అత్తింటివాళ్లు ఆమె మీదే కేసు పెడతారు. సీరియల్ రాకముందు పోస్టర్ మీదే గొడవ, హీరోయిన్ మేకప్ లేకుండా, ఒత్తు కనుబొమలతో, హిజాబ్‌తో ఉందని, హిజాబ్‌ని అందవికారంగా చూపించారని కొందరు. సీరియల్ మొదలయ్యాక మాట మారింది, చట్టం మార్చాలనే చర్చ పార్లమెంటు సభ్యుల దాకా వెళ్లింది. ఒక ఆడమనిషి "వద్దు" అని పడవ ఎక్కితే, జనం ఆమె తప్పు వెతకడం మాని చట్టంలో తప్పు వెతికారు. పని మానేసి ఐదేళ్లయినా, ఆ రాత్రి పాత నోట్‌బుక్కు బయటికి తీసి రాసుకున్నాను.

జాగ్రత్త, దీన్ని బట్టి అంతా బాగుపడిందని రాయొద్దు. అదే 2023 రంజాన్‌లో అదే ఈజిప్టులో జనం ఎగబడి చూసిన ఇంకో సీరియల్ జాఫర్ అల్ ఉమ్దా, హీరోకి నలుగురు భార్యలు. మత్‌వల్లీ వచ్చి ఇరవై రెండేళ్లయింది. రెండూ ఒకే నెలలో, ఒకే ఇంట్లో చూశారు. ఇంకో సంగతి, ఈ కొత్త సీరియళ్లు మొగుణ్ణి, అత్తింటిని, కుటుంబ చట్టాన్ని ప్రశ్నిస్తాయి. ప్రభుత్వాన్నీ పోలీసునీ ముట్టుకోవు. 2016 తర్వాత ఈజిప్టులో సీరియళ్ల నిర్మాణం ఎక్కువగా ప్రభుత్వానికి దగ్గరి ఒకే కంపెనీ చేతిలోకి వెళ్లింది, కాబట్టి ఏ "వద్దు" తెర మీదికి వస్తుంది, ఏది రాదు అన్నది కూడా అక్కడే తేలుతుంది.

వార్తల సంగతి విడిగా రాయండి, సీరియళ్లతో కలపొద్దు. యుద్ధం మధ్యలో నిలబడి మాట్లాడే ఆడవాళ్లను అరబ్ ప్రేక్షకులు ఏళ్ల తరబడి చూశారు. అల్ జజీరాలో షిరీన్ అబూ ఆక్లే 1997 నుంచి పాలస్తీనా వార్తలు చెప్పింది, 2022 మే 11న జెనిన్‌లో తూటాకి చనిపోయింది. ఇరాక్ రిపోర్టర్ అత్వార్ బహ్‌జత్‌ని 2006లో సమర్రాలో చంపేశారు. ఇళ్లలో వాళ్లను సొంత మనుషుల్లా తలుచుకునేవాళ్లు. సౌదీ ప్రభుత్వ టీవీలో రాత్రి ప్రధాన వార్తలు ఒక ఆడమనిషి, వియామ్ అల్ దఖీల్, చదవడానికి మాత్రం 2018 సెప్టెంబరు దాకా పట్టింది. స్టూడియోలో కూర్చున్నవాళ్ల బాధలు వేరే. 2010లో అల్ జజీరాలో ఐదుగురు ఆడ యాంకర్లు రాజీనామా చేశారు, బట్టల మీద పైవాళ్ల వ్యాఖ్యలు ఒక కారణమని వార్తలొచ్చాయి. పొద్దుటి ఆడవాళ్ల కార్యక్రమాలైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2016 నవంబరులో మొరాకోలో టూఎం ఛానల్ మొగుడు కొట్టిన దెబ్బలు కనపడకుండా మేకప్ ఎలా వేసుకోవాలో నేర్పింది, జనం మండిపడ్డాక క్షమాపణ చెప్పింది. ఆ క్లిప్ చూసి నాకు రెండు రోజులు మనసు బాగాలేదు.

మన సీరియళ్లతో పోలిక అడిగారు. అత్తాకోడళ్లు అక్కడా ఉన్నారు, కువైట్‌లో 1983లోనే హయాత్ అల్ ఫహద్ ఖాల్తీ గుమాషాలో కొడుకుల గదుల్లో కెమెరాలు పెట్టించి కోడళ్ల మీద నిఘా వేసే అత్తగా చేసింది. నాకు కనిపించే పెద్ద తేడా నిడివి. రంజాన్ సీరియల్ ముప్ఫై రోజుల్లో ముగియాలి, పండగ నాటికి ఆ ఆడమనిషి అన్న మాటకి ఏదో ఒక జవాబు కథలో వచ్చి తీరాలి. మన దగ్గర వెయ్యి ఎపిసోడ్లు నడుస్తాయి, కోడలు "ఇక చాలు" అని సోమవారం అంటే శుక్రవారానికి ఎవరికో గుండెపోటు వచ్చి ఆ మాట వెనక్కి పోతుంది.

చివరగా ఒకటి, ఇది మీరు అడగలేదు కానీ మీ ప్రాజెక్టులో లేకపోతే నాకు బాధగా ఉంటుంది. గల్ఫ్ సీరియల్‌లో ప్రతి ఇంట్లోనూ ఒక ఆడమనిషి ఉంటుంది, పోస్టర్ మీద ఉండదు. ఖద్దామా, అంటే పనిమనిషి. ఫిలిప్పీన్స్ మనిషో, ఇండోనేషియా మనిషో, మన మనిషో. ట్రేలో చాయ్ తెస్తుంది, తిట్లు తింటుంది, లేదా దొంగతనం చేసిందనో మందు పెట్టిందనో తేలుతుంది, లేదా వచ్చీరాని అరబ్బీతో నవ్వించడానికి ఉంటుంది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఎన్ని వేల మంది మన ఆడవాళ్లు కువైట్ వెళ్లారో మీకు తెలుసు. నా నోట్‌బుక్కుల్లో ఖద్దామా "వద్దు" అన్న సీన్లు వెతికితే పదమూడేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

ఒకసారి సెలవుల్లో రాయచోటి దగ్గర ఒకావిడతో మాట్లాడాను, కువైట్‌లో పదకొండేళ్లు చేసి వచ్చింది. ఆమె అరబ్బీ నేర్చుకున్నదే సీరియళ్లు చూసి. రంజాన్‌లో ఇఫ్తార్ గిన్నెలన్నీ కడిగి, మేడమ్ సోఫా వెనకాల నిలబడి చూసేదట, కూర్చోమని ఎవరూ అనలేదు, తనూ అడగలేదు. ఆ సీరియళ్ల కథలు నాకంటే బాగా చెప్పింది, ఎవరు ఎవరికి మరదలు, ఎవరి ఆస్తి ఎవరు కాజేశారు అన్నీ. మరి వాటిల్లో పనిమనిషి గురించి ఏమనిపించేది అని అడిగితే కాసేపు ఆలోచించి అంది: "ఆయమ్మకి పేరుండదక్కా. ట్రే పెట్టి పోతాది. యాడికి పోతాదో చూపీరు."